లింకులో బావగారు

ఆఫీసులో అతన్ని అందరూ కడచూపు అంటారు. ఎదురుగా కాదు, ఎదురుగా అయితే సార్ అనే అంటారు. ఏ వెబ్‌సైటు తయారైనా సరే, జనంలోకి వెళ్ళే ముందు దాని లింకు అతని చేతుల మీదుగా పోవాల్సిందే. అతను చూసి "బాగుంది" అని రాస్తే తప్ప అది గడప దాటదు. అందుకని ఆ పేరు. పెట్టినవాడెవడో తెలిస్తే నాలుగు దులిపేద్దామని మూడేళ్ళుగా కనిపెట్టుకుని ఉన్నాడు గానీ, లోలోపల కాస్త గర్వంగానే ఉండేది. చివరిమాట తనదయ్యే ఉద్యోగం ఎంతమందికి దొరుకుతుంది?

ఉద్యోగం అంటే చెప్పుకోవడానికి పెద్దదేమీ కాదు. మనం ఫోన్లో ఎవరికైనా లింకు పంపితే దాంతోపాటు చిన్న డబ్బా ఒకటి వస్తుంది కదా, అందులో ఒక బొమ్మ, ఒక పేరు, రెండు లైన్ల మాటలు. ఆ డబ్బా సరిగ్గా వచ్చిందా లేదా అని చూడటం. అంతే. దానికి ఇంజనీరింగ్ చదవడం ఎందుకురా అని వాళ్ళమ్మ ఇప్పటికీ అడుగుతుంది. ఆ ప్రశ్నకి అతని దగ్గర అరగంట జవాబు ఉంది. అమ్మ ఇంతవరకూ ఐదు నిమిషాలు దాటి వినలేదు.

"జనం లింకు నొక్కి లోపలికి వెళ్తారనుకుంటున్నావా? నూటికి నలుగురు వెళ్తే గొప్ప. మిగతా తొంభై ఆరుగురికీ ఆ డబ్బానే వెబ్‌సైటు!" అంటాడు. అనడమే కాదు, చూపిస్తాడు కూడా. ఒక పళ్ళ డాక్టరు తన నవ్వుముఖం ఫొటో పెట్టమంటే, అది నలుచదరం డబ్బాలో పడేసరికి ముఖం పళ్ళతో సహా పైన తెగిపోయి మెడా టై మిగిలాయి. ఒక కంటాసుపత్రివాళ్ళు "ఆపరేషన్ తర్వాత చూపు పోతుందన్న భయం అక్కర్లేదు" అని ముచ్చటపడి రాసుకుంటే, డబ్బాలో చోటు చాలక "ఆపరేషన్ తర్వాత చూపు పోతుంద..." దగ్గరే ఆగిపోయింది. ఈ రెండూ పట్టుకుంది అతనే. పట్టుకోవడమే కాదు, ఆఫీసుకి ఎవరు కొత్తగా చేరినా టీ ఇప్పించి మరీ చెప్పేవాడు. కొత్తవాళ్ళు ఆ టీ ఒక్కసారే తాగేవారు.

పరీక్షలకని అతను ఫోన్లో ఒక గ్రూపు పెట్టుకున్నాడు. అందులో సభ్యుడు ఒక్కడే, తనే. లింకు అక్కడ పడెయ్యడం, డబ్బా చూడటం, కింద తనకు తానే "బొమ్మ సరే, పేరు సరే, మాటలు సరే. బాగుంది" అని రాసుకోవడం. అలా కొన్ని వేల లింకులు. పొద్దున్నే శుభోదయాలూ మధ్యాహ్నానికి గొడవలూ లేని గ్రూపు లోకం మొత్తమ్మీద అదొక్కటే అయి ఉంటుంది.

అతనికి ఒక అక్క. అక్క డ్రైవింగ్ నేర్పుతుంది.

పదకొండేళ్ళుగా అదే పని. స్కూలు మాత్రం బావగారిది. అంటే, బోర్డు మీద బావగారి పేరు, పేరు పక్కన స్టీరింగ్ మీద చెయ్యేసుకుని నవ్వుతున్న బావగారి ఫొటో. ఆయన ఆ చెయ్యి స్టీరింగ్ మీద వేసింది ఆ ఫొటో కోసమే. తీయించుకోగానే బండి దిగి వెళ్ళి ఆఫీసు గదిలో ఫ్యాను కింద కూర్చున్న మనిషి, అక్కడే ఫారాలు నింపుతూ ఉండిపోయాడు. అక్క పొద్దున ఆరింటికి పక్కసీట్లో కూర్చుంటే సాయంత్రం ఆరింటికి లేచేది. ఒక కాలు ఎప్పుడూ పక్కసీటు కింద ఉండే రెండో బ్రేకు మీదే. బండి ఎక్కిన ప్రతివాళ్ళూ ఆమె చేత ప్రాణం అరచేతిలో పెట్టించేవారు. ఆమె మాత్రం "కంగారేం లేదు, క్లచ్చి మెల్లిగా వదలండి" అని అదే గొంతుతో చెబుతూ పోయేది.

స్కూలుకి పదేళ్ళు నిండినప్పుడు బోర్డుకి కొత్త రంగు వేయిస్తుంటే, నా పేరు కూడా కింద వేయించండి అని అడిగింది. చోటు లేదన్నాడు బావ. ఆ బోర్డు రెండు మంచాల పొడుగు. అంత పొడుగులో పెళ్ళాం పేరుకి జానెడు చోటు దొరకలేదు పాపం ఆయనకి. ఆ తర్వాత ఏడాదిపాటు ఆ ఇంట్లో ఏం జరిగిందో అక్క ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు తన బట్టలూ, తన పేరు మీదున్న పాత కారు తాళాలూ పట్టుకుని అమ్మ ఇంటికి వచ్చేసింది. అమ్మ వారం రోజులు ఏడ్చింది. ఎనిమిదో రోజు పొద్దున్నే తడిగుడ్డ తీసుకుని కారు తుడవడం మొదలుపెట్టింది.

అక్క సొంతంగా స్కూలు పెడతానంది. ఒక బండి, ఒక మనిషి. అదృష్టం బాగుండి అప్పుడే ఒక కబురు వచ్చింది. ఆ దగ్గర్లో పెద్ద అపార్ట్‌మెంట్ల కాంప్లెక్సు ఉంది, లోపల సొంత రోడ్లూ వెనక ఖాళీ స్థలమూ. అక్కడి ఆడవాళ్ళు చాలామంది కారు నేర్చుకోవాలనుకుంటున్నారట. బయటి రోడ్డు మీద భయం, లోపలైతే నేర్చుకుంటామంటున్నారట. ఏడాదికి ఒక్క స్కూలుకే లోపలికి అనుమతి ఇస్తామనీ, ఆదివారం మీటింగులో తేల్చేస్తామనీ, ఈలోగా వివరాలేవైనా పంపితే గ్రూపులో పెడతాననీ ఆ అసోసియేషన్ సెక్రటరీగారు ఫోన్ చేసి చెప్పాడు.

అది దొరికితే అక్క స్కూలు నిలబడుతుంది. దొరక్కపోతే మళ్ళీ ఆ బోర్డు కిందికే వెళ్ళాలి. ఎందుకంటే ఊళ్ళో మిగతావాళ్ళందరికీ డ్రైవింగ్ స్కూలంటే బావగారే. "కోపం తగ్గాక తనే వస్తుంది, ఎక్కడికి పోతుంది?" అని ఆయన అప్పటికే నలుగురి చేతా అమ్మ చెవిన వేయించాడు.

బుధవారం సాయంత్రం అక్క తమ్ముడి గది గుమ్మంలో నిలబడింది.

"నాకో వెబ్‌సైటు చేసిపెట్టరా. శనివారానికల్లా సెక్రటరీగారికి పంపాలి."

"వెబ్‌సైటంటే మాటలనుకున్నావా?" అన్నాడు. తను చేసే పని తేలికని ఇంట్లోవాళ్ళకి తెలియడం అతనికి ఇష్టం ఉండదు.

"మీ బావకి ఒక్క మధ్యాహ్నంలో చేసిపెట్టావుగా."

ఆ మాట నిజమే. చదువుకునే రోజుల్లో, కొత్త బావ మెప్పు కోసం చేసిన సైటు అది. అతను పుట్టించిన మొట్టమొదటి లింకు. ఆ తర్వాత ఏ కొత్త ఫోను కొన్నా, ఏ కొత్త యాప్ వచ్చినా, డబ్బా ఎలా వస్తుందో చూడటానికి ముందుగా బావగారి లింకే పడేసేవాడు. అక్క పేరు ఆ సైటులో ఎక్కడా లేదన్న సంగతి అతనికి అప్పుడు తట్టలేదు. ఆ తర్వాత కూడా తట్టలేదు.

గురువారం ఆ పాత సైటుని అమాంతం ఎత్తి కొత్త అడ్రసులో దించాడు. అద్దెకున్నవాళ్ళ సామాను బయట పెట్టించి కొత్తవాళ్ళ సామాను సర్దినట్టు, బావ ఫొటోలు తీసి అక్కవి పెట్టాడు. పేరు మార్చాడు, నంబరు మార్చాడు, రంగు మార్చాడు. "మా గురించి" అన్నచోట అక్క చేత నాలుగు వాక్యాలు రాయించాడు. ఆ నాలుగు వాక్యాలూ రాయడానికి అక్కకి రెండు గంటలు పట్టింది. తన గురించి రాసుకోవడం ఆమెకి అదే మొదటిసారి. మొత్తానికి పేజీ పై నుంచి కింద దాకా వెతికితే బావగారి వెంట్రుక కూడా దొరకదు.

కానీ పేజీకి పైకి కనబడని భాగం ఒకటి ఉంటుంది. డబ్బాలో ఏ బొమ్మ రావాలో, ఏ పేరు రావాలో, ఏ రెండు లైన్లు రావాలో రాసి ఉండేది అక్కడే. ఈ ముక్క లోకంలో ఇంకెవరికి తెలియకపోయినా ఫర్వాలేదు, అతనికి తెలియాలి. కంపెనీ నెలనెలా జీతమిచ్చేది ఆ ముక్క తెలిసినందుకే. ఆ భాగాన్ని అతను ముట్టుకోలేదు.

పోనీ పరీక్ష చెయ్యలేదా అంటే, చేశాడు. అదే విడ్డూరం. లింకు పట్టుకెళ్ళి తన ఒంటరి గ్రూపులో పెట్టాడు. డబ్బా వచ్చింది. బొమ్మ ఎక్కడా తెగలేదు. పేరు రెండో లైన్లోకి జారలేదు. మాటలు ఫోన్ నంబరుతో సహా నిండుగా ఉన్నాయి. డబ్బాలో బావగారు స్టీరింగ్ మీద చెయ్యేసుకుని నవ్వుతున్నారు. అతను చూశాడు. చూసి, కింద రాశాడు: "బొమ్మ సరే, పేరు సరే, మాటలు సరే. బాగుంది." రాసేసి టీ తాగడానికి వెళ్ళాడు.

సాయంత్రం అక్కకి కంప్యూటర్లో పేజీ చూపించాడు. అక్క తన ఫొటో చూసుకుని సిగ్గుపడి, తన పేరు చూసుకుని ఊరుకుంది. తర్వాత అడిగింది, "అంతా చూశావుగా?"

"నన్నే అడుగుతున్నావా ఆ మాట?" అన్నాడు. అతనికి నిజంగానే కష్టం వేసింది. పళ్ళ డాక్టరు కథ మళ్ళీ మొదలుపెట్టబోతుంటే అక్క నవ్వుతూ వెళ్ళిపోయింది.

శనివారం పొద్దున తొమ్మిదింటికి అక్క బండిలో ఉంది, ఉన్న ఒక్క స్టూడెంటుతో. లింకు నువ్వే పంపించరా అని చెప్పి వెళ్ళింది. అతను తన ఫోన్లోంచే సెక్రటరీగారికి పంపాడు. పైన మర్యాదగా మూడు వాక్యాలు, కింద లింకు, దాని డబ్బాలో నవ్వుతున్న బావగారు. అలా రెండోసారి కూడా చూసి, సంతృప్తిగా ఫోను జేబులో పెట్టుకున్నాడు. సెక్రటరీగారు చురుకైన మనిషి. రెండు నిమిషాల్లో దాన్ని కాంప్లెక్సు గ్రూపులో పెట్టాడు. అందులో రెండు వందల ముప్ఫై ఆరు మంది ఉన్నారు.

అక్క ఆరోజు ఫోను చేతిలోంచి దించలేదు. అన్నం తినేటప్పుడు కూడా కంచం పక్కనే పెట్టుకుంది. మోగలేదు. మూడింటికి ఒకసారి మోగితే ఉలిక్కిపడి తీసింది, ఎవరో అప్పు కావాలా అని అడిగారు.

"ఒక్క ఫోనూ రాలేదేంట్రా?"

"శనివారం కదక్కా, జనం మెల్లిగా చూస్తారు. డబ్బా బాగుంటే చాలు, అదే లాక్కొస్తుంది" అని భరోసా ఇచ్చాడు కడచూపు.

ఐదింటికి సెక్రటరీగారే ఫోన్ చేశాడు. అక్క అమ్మకీ తమ్ముడికీ కూడా వినబడేలా పెట్టింది.

"అమ్మా, మీవారితో మాట్లాడాం. ఎంత మర్యాదస్తులండీ! మావాళ్ళు పదహారు మంది అప్పుడే ఆయనకి ఫోన్ చేసి పేర్లు ఇచ్చేశారట. రేపు మీటింగుకి ఆయనే వస్తానన్నారు. మీరు కూడా వస్తే సంతోషం."

"కూడా" అన్న మాట దగ్గర అక్క అడ్డుపడింది. "ఆయనకి ఫోన్ చెయ్యమని ఎవరన్నారండీ?"

"అదేంటమ్మా, మీ లింకులో ఉన్న నంబరే కదా!"

ఫోను పెట్టేసి అక్క తమ్ముడి వైపు చెయ్యి చాచింది. "ఏదీ, చూపించు." అతను గబగబా పేజీ తెరిచాడు. "ఇదిగో చూడు, నీ ఫొటో, నీ నంబరు. ఆయనేదో పొరపాటు పడ్డాడు."

"లోపల కాదు. ఆయనకి నువ్వు పంపావే, అది."

తెరిచాడు. బావగారిని మూడోసారి చూడటం, కానీ నిజంగా చూసింది అప్పుడే. ఫోను మెల్లిగా అక్క వైపు తిప్పాడు.

అక్క చాలాసేపు చూసింది. బావ నవ్వు, బావ పేరు, కింద "ఆడవాళ్ళకు ప్రత్యేక శిక్షణ", బావ నంబరు. ఆ ప్రత్యేక శిక్షణ ఎవరిదో ఆ గదిలో ముగ్గురికీ తెలుసు. "ఫొటోలో బాగానే ఉన్నాడు" అంది చివరికి. "నువ్వు చూశానన్నావు కదరా?"

అక్కడ అతను నిజం చెప్పి ఉండొచ్చు. గొంతు దాకా వచ్చింది కూడా. కానీ వేల లింకులు చూసిన మనిషి, సొంత అక్క లింకు చూడలేకపోయానని ఎలా ఒప్పుకుంటాడు? "చూశానక్కా. నేను చూసినప్పుడు సరిగ్గానే ఉంది. తర్వాత మారిపోయింది. ఈ మెసేజి యాప్‌ల కంపెనీలవాళ్ళు పాత డబ్బాలని వాళ్ళ దగ్గర దాచిపెట్టుకుంటారు. మనం మార్చినా వాళ్ళు మార్చరు. ఒక్కోసారి అవే ఇస్తారు. అది వాళ్ళ తప్పు." ఇందులో దాచిపెట్టుకుంటారన్నది నిజం, మిగతాదంతా చెవిలో పువ్వు. అక్క అతని ముఖం కేసి చూసి, "సరే, బాగు చెయ్యి" అంది.

బాగు చేశాడు. ఆ కనబడని భాగంలో పది నిమిషాల పని. డబ్బాని మళ్ళీ తెచ్చుకోమని ఉన్న బొత్తాలన్నీ నొక్కాడు. కొత్తది అనుకుంటుందని లింకు చివర ఒక ప్రశ్నార్థకం, ఒక అంకె తగిలించి ఒంటరి గ్రూపులో పెట్టాడు. ఈసారి డబ్బాలో అక్క వచ్చింది, చక్కగా, నిండుగా. దాని పైనే గురువారం నాటి డబ్బా ఉంది, కింద తను రాసుకున్న "బాగుంది"తో సహా. చూసి చటుక్కున తెర ఆర్పేశాడు, గదిలో తను తప్ప ఎవరూ లేకపోయినా.

చిక్కేమిటంటే, ఒకసారి గ్రూపులో పడిపోయిన డబ్బా మారదు. వెనక ఎన్ని మార్చినా, పంపినప్పుడు ఎలా ఉందో అలాగే ఉండిపోతుంది. సెక్రటరీగారికి ఫోన్ చేసి పాతది తీసేసి కొత్తది పెట్టమని బతిమాలాడు. "ఇప్పుడు తీసేస్తే ఏదో గొడవుందనుకుంటారు బాబూ. ఎలాగూ భార్యాభర్తలే కదా, ఎవరి ఫొటో ఉంటే ఏముంది?" అని ఆయన నవ్వి పెట్టేశాడు.

ఆదివారం పదింటికి కాంప్లెక్సు కింద హాల్లో మీటింగు. ప్లాస్టిక్ కుర్చీలు, ఒక మైకు, అది పనిచేస్తుందా లేదా అని చూడటానికి ముగ్గురు మనుషులు. బావగారు అప్పటికే ముందు వరసలో ఉన్నారు, ఇస్త్రీ మడత నలగని చొక్కాలో. భార్యని చూసి పక్క కుర్చీ మీద చెయ్యి తట్టి "రా, కూర్చో" అన్నారు, నిన్నటిదాకా కలిసే కాపురం చేస్తున్నట్టు. అక్క వెనక వరసలో కూర్చుంది. బావగారి చూపు బావమరిది మీద పడింది. ముఖం విప్పారింది.

"ఏం బావమరిదీ! కొత్త సైటు బ్రహ్మాండంగా చేశావు. పాత ఫొటోనే వాడావు గానీ ఫర్వాలేదు."

ఆ మాట హాలంతా విన్నది. భూమి చీలితే అందులో దూకుదామనిపించింది అతనికి. చీలలేదు.

సెక్రటరీగారు పరిచయం చెయ్యగానే బావగారు లేచి మైకు అందుకున్నారు. ఆ మైకు అంతవరకూ ఎవరికీ పలకలేదు గానీ ఆయనకి పలికింది. "మాది ఫ్యామిలీ స్కూలండీ. మా ఆవిడ నేర్పుతుంది, మిగతాదంతా నేను చూసుకుంటాను. మొదట్నుంచీ అంతే" అన్నారు. చాలామంది తలలూపారు. అక్క ఒళ్ళో చేతులు బిగించుకుని కూర్చుంది. ఇంకో నిమిషం ఊరుకుంటే, పదహారు పేర్లతో సహా ఆమె మళ్ళీ ఆ బోర్డు కిందికి వెళ్ళిపోయినట్టే.

తమ్ముడు ఆగలేకపోయాడు. లేచి నిలబడి "అదంతా తప్పండీ! లింకులో వచ్చిన డబ్బా తప్పు!" అన్నాడు. అని, తన ఆఫీసులో ఇరవై రెండు మంది ఇంజనీర్లకి కూడా అర్థం కాని సంగతిని ఆ హాలుకి వివరించడం మొదలుపెట్టాడు. పేజీకి కనబడని భాగం ఉంటుందన్నాడు. కంపెనీలు పాతవి దాచిపెట్టుకుంటాయన్నాడు. లింకు చివర ప్రశ్నార్థకం తగిలించాలన్నాడు. రెండో వరసలో ఒకాయన ఆవలించాడు. "అయితే ఈయన ఫొటో కంపెనీవాళ్ళు పెట్టారంటావా?" అని సెక్రటరీగారు జాలిగా అడిగాడు.

"నమ్మకపోతే చూడండి, అసలైంది ఇదీ!" అని ఒంటరి గ్రూపు తెరిచి ఫోను ఆయన చేతిలో పెట్టాడు.

సెక్రటరీగారు చూసి "ఊఁ" అని పక్కాయనకి ఇచ్చాడు. పక్కాయన చూసి వెనక్కి ఇచ్చాడు. ఫోను అలా వరసలు దాటుకుంటూ పోయింది. నాలుగో చేతిలోకి వెళ్ళాక తమ్ముడికి గుర్తొచ్చింది, కొత్త డబ్బా పైన ఏముందో. "ఇటివ్వండి, ఇటివ్వండి" అంటూ కుర్చీల మధ్య దారి చేసుకోబోయాడు. అప్పటికే అది రిటైరైన ఒక నర్సమ్మ చేతిలో ఉంది. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, ఆస్పత్రిలో కేసుషీటు చదివే అలవాటుతో, పై నుంచి కిందికి గట్టిగా చదివింది.

"గురువారం. ఈయన ఫొటో. కింద, బొమ్మ సరే, పేరు సరే, మాటలు సరే, బాగుంది." కళ్ళజోడు మీదుగా చూసింది. "ఇది ఎవరు రాశారు బాబూ?"

"నేనేనండీ" అన్నాడు. మాట అతనికే వినబడలేదు.

"కంపెనీవాళ్ళు కాదా?"

హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. నర్సమ్మ ఫోనుని అతనికి ఇవ్వకుండా వెనక వరసలో అక్కకి అందించింది. అక్క తల వంచి చదివింది. ఒక్కసారే చదివింది. ఫోను తిరిగిచ్చేటప్పుడు తమ్ముడి ముఖం కేసి చూడలేదు.

లేచి నిలబడింది. మైకు అడగలేదు. బండిలో పన్నెండు గంటలు మాట్లాడే మనిషికి మైకు అక్కర్లేదు.

"పదకొండేళ్ళు పక్కసీట్లో కూర్చుంది నేనండీ. ఈయన ఫొటో బాగుంటుంది, కాదనను. ఈ స్కూలు మాత్రం నాదొక్కదానిదే. ఎవరికి అనుమతి ఇవ్వాలో మీరు నింపాదిగా ఆలోచించుకోండి. నేర్చుకోవాలని ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే, నా బండి గేటు బయటే ఉంది. ఇప్పుడే మొదలుపెడతాను."

అని బయటికి నడిచింది. మొదట లేచింది నర్సమ్మే. "నాకు అరవై ఎనిమిది. మీ మీటింగు తేలేదాకా కూర్చుంటే నాకు లైసెన్సు ఎవరిస్తారు?" అంటూ చేతిసంచి భుజానికి తగిలించుకుంది. ఆవిడ వెనకాల ఇద్దరు లేచారు. వాళ్ళని చూసి ఇంకో నలుగురు. గుమ్మం దగ్గర వాళ్ళలో ఒకామె వెనక్కి తిరిగి బావగారిని మర్యాదగానే అడిగింది, "మీరు రారా అండీ, నేర్పడానికి?"

"నేను ఫారాలు చూస్తానమ్మా" అన్నారు బావగారు, ఇంకా నవ్వుతూనే. ఆ నవ్వు ఫొటోలో ఉన్నంత బాగా కుదరలేదు.

ఆ తర్వాత మీటింగులో జరిగింది చెప్పుకోదగ్గది కాదు. అనుమతి సంగతి పరిశీలించడానికి ముగ్గురితో ఒక కమిటీ వేశారు. కమిటీకి పేరు ఏం పెట్టాలా అని పావుగంట చర్చించారు. ఈలోగా గేటు బయట ఏడుగురు ఆడవాళ్ళు అక్క చేతికే పేర్లిచ్చారు. కారు నేర్చుకోవడానికి లోపలి రోడ్డే కావాలన్న వాళ్ళు, బయటి రోడ్డు మీదే వరసలో నిలబడ్డారు. పదహారు కాదు, ఏడు. స్కూలు మొదలవడానికి ఏడు చాలు.

తమ్ముడు బయటికి వచ్చేసరికి నర్సమ్మ స్టీరింగ్ ముందు కూర్చుని ఉంది. అక్క పక్కసీట్లోంచి వంగి ఆవిడ ఎత్తుకి తగ్గట్టు అద్దం సర్దుతోంది. అతను వెనక తలుపు తీసుకుని లోపల కూర్చున్నాడు. ఏం చెప్పాలో ముందే అనుకుని వచ్చాడు.

"అక్కా, అబద్ధం చెప్పాను. నిజంగా నేను చూసుకోలేదు."

"చూసుకోలేదంటే నేనేమీ అనేదాన్ని కాదురా. పని ఒత్తిడి, మర్చిపోయావు, అంతే అనుకునేదాన్ని." అక్క అద్దం మీంచి చెయ్యి తియ్యలేదు. "నువ్వు చూశావు. నా స్కూలు లింకులో మీ బావ ముఖం చూసి, ఇది కాదే అని నీకు అనిపించలేదు. బాగుందని కూడా రాశావు."

అతనికి ఏడుపొచ్చినంత పనైంది. లోకంలో ఎవరి లింకులో ఎవరు తప్పుగా పడ్డా పట్టేసే కన్ను అది. బోర్డు మీద చోటు లేదన్న బావనీ, ఎవరి ఫొటో ఉంటే ఏముందన్న సెక్రటరీనీ అతను శనివారం నుంచీ మనసులో తిట్టుకుంటూనే ఉన్నాడు. ఆ ఇద్దరిలో ఎవరూ అడక్కుండానే, అదే మాట రాసి సంతకం పెట్టింది తనే.

"నీకు బండి నేర్పింది ఎవర్రా?" అంది అక్క.

"నువ్వే."

నర్సమ్మ అద్దంలోంచి ఇద్దరినీ చూసి ముందుకి తిరిగింది.

"దిగు" అంది అక్క. "వెనక సీట్లో ఇంకా ఇద్దరు కూర్చోవాలి."